చింతమొద్దూ, సండ్ర మేకూ

పంచతంత్రం మిత్రభేదంలో మొదట వచ్చే పిట్టకథ ఒక కోతి చావు గురించి. గుడి కడుతున్న చోట వడ్రంగులు ఒక దూలాన్ని సగం దాకా చీలుస్తారు. చీలిక మూసుకుపోకుండా మధ్యలో మేకు దిగ్గొట్టి, మధ్యాహ్నం తిండికి పోతారు. కోతి వచ్చి దూలం మీద కూర్చుని ఆ మేకును ఊడబెరుకుతుంది. చీలిక మూసుకుని కోతి చస్తుంది. తనకు పనిలేని చోట వేలు పెట్టొద్దని నీతి. కోస్గిలో బళ్ళో చదువుకునేటప్పుడు మేమంతా ఈ కథకు నవ్వినవాళ్ళమే.

సంస్కృత పాఠంలో ఆ మేకు ఏ కర్రతో చేసిందో కూడా ఉంది. ఖదిరం, అంటే మన సండ్ర. మెత్తటి కర్రయితే సమ్మెట దెబ్బకు తల చితికిపోతుంది, సండ్ర ఆగుతుంది. కథ అల్లినవాడెవరో గానీ, కట్టె చీల్చడం దగ్గరుండి చూశాడు. అంత చూసినవాడు కూడా వడ్రంగులను అన్నానికి పంపి మళ్ళీ వెనక్కి పిలవలేదు. నాకు ఇదేమీ తట్టలేదు, రెండేళ్ళ కింద గాలివానకు మా ఇంటి వెనక చింతచెట్టు పడేదాకా.

మిషన్ రంపం తెచ్చిన పిల్లగాడు కొమ్మలన్నీ ఒక పూటలో కోసి పెట్టాడు. మాను కింది భాగాన్ని మూడు మొద్దులు చేసి, వాటిని చీల్చడం తన పని కాదని వెళ్ళిపోయాడు. ఒక్కోటి నా నడుము దాకా వస్తుంది. నేను గొడ్డలి తీసుకుని సరిగ్గా నడిమధ్య కొట్టాను. గొడ్డలి ఎగిరి వెనక్కి వచ్చింది. అమెరికాలో ఉన్న స్నేహితుడికి చెప్తే, ఓక్ మొద్దులను హైడ్రాలిక్ యంత్రం పేళ్ళు పేళ్ళుగా చీల్చే వీడియో పంపాడు. ఓక్ గుణం వేరు. దాని పోగులు చాలావరకు తిన్నగా పోతాయి, లోపలి నుంచి అంచుదాకా గీతల్లాంటి దారులుంటాయి, పగులు వాటి వెంట నడుస్తుంది. చింతలో పోగులు జడలాగా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. గానుగకు చింతను వాడింది ఇందుకే. బక్రీదు ముందు హైదరాబాదులో మాంసం కొట్టుకోవడానికి అమ్మే మొద్దులు చింతవి కావడమూ ఇందుకే. కత్తి వేటుకు పెచ్చులు లేవదు. కసాయివాడికి పనికొచ్చే గుణమే కట్టెలు కొట్టేవాడి ప్రాణం తీస్తుంది.

చివరికి మా నాన్న ఒక తాతను పిలిపించాడు. రెండు ఇనుప మేకులు, ఒక సమ్మెట, ఒక గొడ్డలి. వచ్చి ముందు నన్నే తిట్టాడు.

"పచ్చిగున్నప్పుడు పిలవొద్దా చిన్న పంతులూ? ఎండినంక ఇనుమైతది. నడుమల గొట్టినవా? నడుమ ఎవ్వడన్న గొడతడా? అంచు కెల్లి రావాలె."

సమ్మెట ఎత్తకుండా మొద్దు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎండకు ఎక్కడ నెర్రెలిచ్చిందో చూశాడు, కొమ్మ పుట్టిన చోటును వేలితో తడిమి వదిలేశాడు. అంచు నుంచి నాలుగు వేళ్ళు లోపలికి, నెర్రె మీద, మేకు ఆనించి చిన్నగా రెండు దెబ్బలు. అది నిలబడ్డాకే పెద్ద దెబ్బ. మేకు బిగుసుకుంటే దాన్ని లాగడు. దానికి ముందు, అదే చీలికలో రెండోది దించుతాడు. చీలిక తెరుచుకుంటే మొదటిది తనే వదులవుతుంది. అలా అంచు పలకలు తీసుకుంటూ గుండ్రంగా తిరిగాడు, మొద్దు చిన్నదవుతూ వచ్చింది. నల్లటి చేవ మిగిలాక రెండు మేకులూ ఎదురెదురుగా పెట్టి దాన్ని విడగొట్టాడు. మధ్యలో ఒకసారి వదులైన మేకును నేను చేత్తో అందుకోబోతే గట్టిగా అరిచాడు. కోతికి ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఒక్క మొద్దుకు పొద్దటి నుంచి పగటి అన్నం దాకా పట్టింది.

"చిన్న పంతులు" అన్న మాట దగ్గర ఆగాలి. మా ముత్తాత పట్వారీ. పట్వారీ, పటేలు ఉద్యోగాలు 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది, నేను పుట్టకముందే. అయినా ఆ పిలుపు నా దాకా వచ్చింది. కోస్గి నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ జాగీరు. ఎక్కడి అజంతా, ఎక్కడి కొప్పళ, వాటితో కలిపి ఒకే ఎస్టేటు. జాగీర్లు 1949లో పోయాయి. జాగీరైనా దివానీ అయినా వెట్టి మాత్రం ఒకటే. గిర్దావరో తాసిల్దారో ఊరికి వస్తే నీళ్ళు, గడ్డి, కోళ్ళు, పొయ్యిలోకి కట్టెలు ఊరే ఇవ్వాలి. ఊరంటే ఊరంతా కాదు. మాల మాదిగ వాడలు, చాకలి, కుమ్మరి, ఇట్లా పేరుపేరునా పని పడినవాళ్ళు. పటేలు, పట్వారీ ఇళ్ళ పనీ అందులోనే కలిసిపోయేది.

మా నాయనమ్మకు ఒక గొప్ప ఉండేది: "మా అత్తగారింట్ల కట్టెలకు ఎన్నడూ కరువు లేకుండె." చిన్నప్పుడు అది సంసారం చక్కగా నడిపిన మాటలా వినిపించేది. తాత రెండో మొద్దు ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నప్పుడు అడిగాను, ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని.

"మా నాయిన దగ్గర. గీ ఇంటెన్కనే."

కూలి ఎంత ఇచ్చేవాళ్ళని అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రోజు కూలి మాత్రం మా నాన్న అనుకున్నదానికంటే ఎక్కువే అడిగి తీసుకున్నాడు.

తర్వాత హైదరాబాదు వచ్చి పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను. నా ఉద్యోగంలో లాగ్‌లో లేనిది జరగనట్టే లెక్క, ఆ జబ్బు చదువులోకీ వచ్చింది. నిజాం రాజ్యంలో ఈతచెట్టుకు, తాటిచెట్టుకు చెట్టుపన్ను ఉండేది, కల్లు సర్కారుకు రాబడి కాబట్టి చెట్లను లెక్కపెట్టారు. అడవి కలపకూ లెక్క ఉంది. పెరటి చింతను పేళ్ళు చేసిన చేతులకు ఏ ఖాతా లేదు. మా పాలమూరు నుంచే వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. ఆయన 1949లో అచ్చువేసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల్ని పక్కకు పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరింది. అంత గొప్ప పని మీద నాది చిన్న సణుగుడు. వంటల దగ్గర పెట్టిన శ్రద్ధ పొయ్యి దగ్గర ఉండదు. తప్పు ఆయనదని అనలేను. విందు వర్ణించిన కవి పెరట్లోకి వెళ్ళకపోతే, ఆ కవిని చదివి చరిత్ర రాసేవాడు ఎలా వెళ్తాడు?

1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల వచ్చాయి. గ్యాస్ పొయ్యితో ఆడవాళ్ళ నెత్తి మీది మోపు కొంత దిగింది, దాని మీద రాసినవాళ్ళున్నారు, ఇంకా రాయాలి కూడా. మొద్దు చీల్చే పని మాత్రం ఎవరికీ కనపడకుండానే పోయింది. తాత కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతాడు. మేకు పట్టడం రాదట. "రాకపోతేనే మంచిది" అన్నాడు తాత.

రెండో మొద్దు పేళ్ళయి మేనత్త కూతురి పెళ్ళి వంటల్లో కాలింది. మూడోదాన్ని చీలుస్తానని తాత మళ్ళీ వచ్చాడు గానీ, లోపల రెండు కొమ్మలు కలిసిన ముడి ఉందని, మేకులు పాడవుతాయని వదిలేశాడు. పోయిన బక్రీదు ముందు మాంసం కొట్టతను వచ్చి చూసి, అడుగు మందాన పలకలుగా కోయిస్తే తీసుకుంటానన్నాడు. రంపం పిల్లగాడికి ఫోన్ చేస్తే, అంత లావు దానికి తన మిషన్ బ్లేడు సరిపోదన్నాడు. అది ఇంకా పెరట్లోనే ఉంది. ఊరికి వెళ్ళినప్పుడు దాని మీద కూర్చుని చాయ్ తాగుతాను. నేను నడిమధ్య కొట్టిన గొడ్డలి గాట్లు దాని మీదా రెండున్నాయి.