తబారే వృద్ధుని వ్యసనము

కారాగారముల రుచి చూచిన నేరస్థుడే పారిసు అపరాధ పరిశోధక విభాగమునకు అధిపతియై, పదవి వీడిన పిదప 1828లో తన స్మృతులను ప్రకటింప మొదలిడగా, విదోక్ అను ఆ పురుషుని కథ చదివిన ఫ్రెంచి పాఠకులకు నియమబద్ధుడైన ఉద్యోగి చప్పిడిగా తోచియుండును.

అట్టి పాఠకుల రుచికి తగినట్లే, 1866లో గ్రంథరూపమున వెలువడిన గబోరియో నవల 'లెరూజ్ వ్యవహారము'లో, తాకట్టు సంస్థయందు గుమాస్తాగా జీవితమును అరగదీసి, పోలీసుల చరిత్రలు చదివి చదివి నేరపరిశోధన పిచ్చిలో పడిన తబారే వృద్ధుడు, హతురాలి ఇంట బూడిదలో దొరకిన చుట్టపీకపై ఎంగిలి తడి లేకుండుట చూచి, హంతకుడు దానిని గొట్టమున నిలిపి త్రాగెనని నిర్ణయించును. ఇంతటి సూక్ష్మదర్శియే నిరపరాధిని చెరసాల పాలుచేసి, పిదప పశ్చాత్తాపమున కుమిలిపోవును. నాకు అతడు ప్రియుడగుట అందుకే.

గబోరియో సృష్టియే, తనకు ముందటి పరిశోధకుడే యగు లెకాక్‌ను 1887లో షెర్లాక్ హోమ్సు చేతగానివాడని ఈసడించెను, అప్పుపడినవాడు అప్పిచ్చినవానిని తిట్టినట్లు!