హైపర్‌వైజర్లలో మెమరీ నిర్వహణ

ఒకే కంప్యూటర్‌పై అనేక ఆపరేటింగ్ సిస్టమ్‌లను పక్కపక్కనే నడిపించే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. దాని కింద నడిచే ఒక్కో గెస్ట్ సిస్టమ్ మెమరీ అంతా తనదేనన్న లెక్కలో ఉంటుంది. గెస్ట్ తన ర్యామ్ అనుకునే చిరునామాను అసలు ర్యామ్ చిరునామాగా మార్చే పని హైపర్‌వైజర్‌ది. ఈ మార్పిడికి పట్టే సమయాన్ని తగ్గించడం, ఉన్న ర్యామ్‌ను ఎక్కువ గెస్ట్‌లకు సర్దడం ఈ రంగంలో ఎప్పుడూ ఉన్న రెండు సమస్యలు.

తొలి ప్రయత్నం ఐబీఎం వారిది. కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో తదితరులు రూపొందించిన సీపీ-40 వ్యవస్థ 1967లో వాడుకలోకి వచ్చింది. దాని వారసత్వంలో 1972 ఆగస్టు 2న వీఎం/370ను ప్రకటించారు. మెమరీని పేజీలనే ముక్కలుగా చూసి, ఏ చిరునామా ఎక్కడుందో గెస్ట్ రాసుకున్న పేజీ టేబుల్‌కు జతగా హైపర్‌వైజర్ తనకంటూ మరో టేబుల్ ఉంచుకునే ‘షాడో’ పద్ధతి ఈ కాలానిదే. 1980లలో చిన్న కంప్యూటర్లు చౌకబడడంతో మెయిన్‌ఫ్రేమ్‌ల వెలుపల ఈ రంగంపై ఆసక్తి సన్నగిల్లింది.

1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వార్డ్ బున్యన్, స్కాట్ డివైన్, మెండెల్ రోసెన్‌బ్లమ్ ‘డిస్కో’ అనే హైపర్‌వైజర్ ద్వారా ఈ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోశారు. ఒకే సమాచారం ఉన్న పేజీలను గెస్ట్‌లు పంచుకోవడం అందులో ఉంది. మరుసటి ఏడాదే వీఎంవేర్ సంస్థ ఏర్పడింది.

ఆ సంస్థకు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో దాని హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ సర్వర్‌పై ప్రచురించిన పరిశోధన పత్రం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైనది. అది పరిష్కరించిన చిక్కు ఇది: ఏ పేజీ అవసరమో, ఏది కాదో గెస్ట్‌కే బాగా తెలుసు. హైపర్‌వైజర్‌ది ఊహ మాత్రమే. హైపర్‌వైజర్ తనంతట తాను ఒక పేజీని డిస్క్‌కు పంపిందనుకుందాం. కాసేపటికి గెస్ట్ కూడా అదే పేజీని తన స్వాప్‌కు పంపాలనుకుంటే, దాన్ని డిస్క్ నుంచి చదివి తెచ్చి, వెంటనే మళ్లీ డిస్క్‌కే రాయాలి. వాల్డ్‌స్పర్గర్ చూపిన ఉపాయం ‘బెలూన్’ డ్రైవర్. గెస్ట్‌లో కూర్చున్న ఈ డ్రైవర్ హైపర్‌వైజర్ ఆదేశం రాగానే మామూలు డ్రైవర్‌లాగే పేజీలు అడిగి తీసుకుంటుంది, వాటి నంబర్లను పైకి చెబుతుంది. ఆ ర్యామ్ మరో గెస్ట్‌కు వెళుతుంది. ఇరుకున పడ్డ గెస్ట్ ఏది వదులుకోవాలో తానే తేల్చుకుంటుంది. బెలూన్‌తో కుదించిన సిస్టమ్, మొదటినుంచీ అంతే ర్యామ్ ఉన్న సిస్టమ్‌కన్నా 1.4 నుంచి 4.4 శాతం మాత్రమే వెనకబడినట్లు ఆ పత్రంలోని కొలతలు చెబుతాయి.

వాడకుండా అట్టిపెట్టుకున్న మెమరీపై 75 శాతం ‘పన్ను’ వేయడం అదే పత్రంలోని చక్కటి ఆలోచన. ప్రతి 30 సెకన్లకు 100 పేజీలను యాదృచ్ఛికంగా పరిశీలించి, ఎంత వాడకంలో ఉందో అంచనా వేసేవారు. పేజీల పంపకాన్నీ సులువు చేశారు: పేజీలోని సమాచారానికి హాష్ కట్టి, అది మరో పేజీ హాష్‌తో సరిపోలితే రెండు పేజీలనూ పూర్తిగా పోల్చి, ఒక్క ప్రతినే ఉంచేవారు. ఎవరైనా దానిలో రాయబోతే వారికి విడి కాపీ దొరికేది. 2009 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6.32లోని కేఎస్ఎం అనే భాగం ఇదే పనిని హాష్ టేబుల్‌కు బదులు ట్రీలతో చేసింది.

ఇక చిరునామాల మార్పిడి సమయం సంగతి. 2003లో వెలువడ్డ జెన్ హైపర్‌వైజర్, షాడో టేబుల్ జోలికి పోకుండా గెస్ట్ కెర్నల్‌నే సవరించింది.

షాడో టేబుళ్ల భారాన్ని చివరికి ప్రాసెసర్లే మోశాయి. ఏఎండీ 2007లో, ఇంటెల్ 2008లో రెండంచెల పేజీ టేబుళ్లను చిప్‌లోకి తెచ్చాయి. గెస్ట్ తన టేబుల్ మార్చుకున్నప్పుడల్లా హైపర్‌వైజర్ జోక్యం తప్పింది. అయితే ఇటీవలి మార్పిడులను ప్రాసెసర్ గుర్తుంచుకునే టీఎల్‌బీలో చిరునామా దొరకనప్పుడు మామూలుగా 4 మెమరీ రీడ్‌లతో అయ్యే వెతుకులాట 24 వరకు పెరగవచ్చు. అందుకే 4 కేబీ పేజీలకు బదులు 2 ఎంబీ పేజీలు వాడడం రివాజైంది. అంత పెద్ద పేజీలు అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండడం అరుదు కనుక పంపకం వల్ల లాభం తగ్గింది. పంచుకున్న పేజీ ద్వారా పక్క గెస్ట్ రహస్యాలు పసిగట్టవచ్చని పరిశోధకులు చూపాక, 2014లో వీఎంవేర్ గెస్ట్‌ల మధ్య పంపకాన్ని డిఫాల్ట్‌గా ఆపివేసింది.

బెలూన్ మాత్రం నిలిచింది. 2020లో వచ్చిన లినక్స్ 5.7తో, ఖాళీ పేజీల వివరాలను గెస్టే అడగకుండా చెప్పే సౌకర్యం అందులోని బెలూన్ డ్రైవర్ అయిన వర్చ్ఐఓ బెలూన్‌కు చేరింది. నడుస్తున్న గెస్ట్‌కు మెమరీని కలపడానికీ తీయడానికీ వర్చ్ఐఓ-మెమ్ 5.8లో వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు నాటి 5.10లో గూగుల్ ఇంజినీర్లు లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎంకు కొత్త పేజీ టేబుల్ నిర్వహణ విధానాన్ని చేర్చారు. వందల ప్రాసెసర్లున్న గెస్ట్‌లలో పేజీ ఫాల్ట్‌లు (టేబుల్‌లో ఇంకా లేని పేజీ కోసం వచ్చే అంతరాయాలు) ఒకే లాక్ కోసం బారులు తీరకుండా, వాటిని సమాంతరంగా పరిష్కరించడం దాని ఉద్దేశం.