నల్లమందు: అస్సాము దేశమున ఒక ‘మందు’ చరిత్ర

తెలుగున ‘మందు’ అను మాటకు గల అర్థవ్యాప్తి విచిత్రమైనది. వైద్యుడిచ్చునది మందు. తుపాకిలో దట్టించునది మందు. పగవారు పెట్టుదురేమోయని పల్లెలలో భయపడునదియు మందే. నేటి వాడుకలో మద్యమునకును అదే పేరు. గసగసాల కాయకు గాటు పెట్టగా స్రవించి, గడ్డకట్టి, నల్లబడిన పాలను మనవారు నల్లమందనిరి. దీనికే అభిని యని మఱొక పేరు గలదు. అది గ్రీకునుండి అరబ్బీలోనికి పోయిన ‘అఫ్యూను’కు చుట్టము. ఆ అరబ్బీ మాటనే సంస్కృతమున ‘అహిఫేనము’గా, అనగా పాము నురుగుగా, మార్చుకొనిరి. ఒకే పదార్థము ఒక పేరున ఔషధము, మఱొక పేరున విషము. వీనిలో ఏది సత్యమను ప్రశ్న నిఘంటుకారుల ముచ్చటగా మిగిలిపోలేదు. పందొమ్మిదవ శతాబ్దమున అది రాజ్యాదాయపు ప్రశ్నయై ఒక దేశపు జనజీవితమును కుదిపినది. అస్సాము చరిత్ర ఇందుకు నిదర్శనము.

ముందుగా ఆ పదార్థపు నైజమును తెలిసికొనవలెను. నల్లమందు నొప్పిని అణచును, దగ్గును ఆపును, విరేచనములను కట్టును. ఇందు సందేహము లేదు. దానిలోని మార్ఫీనును వైద్యులు నేటికిని వాడుచున్నారు. చలిజ్వరములు, జిగట విరేచనములు ఏటేట వచ్చిపడెడి పల్లపు దేశమున దానిని మందని పిలుచుట అజ్ఞానము కాదు. కాని నిత్యము పుచ్చుకొన్న దేహము దానికి అలవడును. పూర్వపు మోతాదు చాలదు. మానినచో కీళ్లు లాగును, చలి పుట్టును, కన్నుముక్కులు కారును, విరేచనములు పట్టుకొనును. ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఏ బాధలకై మనుజుడు దానిని మొదట పుచ్చుకొనెనో, మానినపుడు కలుగు బాధలును ఇంచుమించుగా అవియే. అతడు పాత జబ్బు తిరుగబెట్టినదని తలచి మరల కొంచెము పుచ్చుకొనును, వెంటనే ఉపశమించును. మందు పనిచేసినదనుటకు ఇంతకంటె ఋజువేమి కావలెను? వ్యసనమును సోమరితనమని నిందించిన నాటి దొరలు ఈ చక్రమును గుర్తింపలేదు. మన నీతిబోధకులును గుర్తించిరని చెప్పజాలము.

బంగాళమున నల్లమందు వ్యాపారమును 1773లో వారన్ హేస్టింగ్సు కంపెనీ గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చెను. పాట్నా, ఘాజీపూరుల సరకు చీనాకు పోయిన కథ సుప్రసిద్ధము. దానిని ఇచట విడిచెదను. అస్సామున సరకు కొన్నవాడు పరదేశి కాడు, ఆ ప్రభుత్వపు సొంత రైతే. 1826లో యండబూ సంధితో ఆ దేశము కంపెనీ వశమయ్యెను. అంతకు పూర్వమే అంతఃకలహములును బర్మీయుల దండయాత్రలును ఊళ్లను పాడుపెట్టి యుండెను. రైతులు పెరళ్లలో గసాలు పండించి, ఆ పాలను గుడ్డపేలికలకు పట్టించి ఆరబెట్టి దాచుకొనెడివారు. అస్సామీయులు నల్లమందును ‘కానీ’ యనుట ఇందువలననే. ఆ భాషలో కానీ యనగా గుడ్డముక్క. తినువాడు ‘కానీయా’. మన పేరు దాని గుణమును బట్టి వచ్చినది, వారి పేరు దానిని దాచిన తీరును బట్టి.

1853లో అచటి పరిపాలనను విచారింప వచ్చిన మొఫాట్ మిల్స్, జనులలో ముప్పాతికమంది దీనిని తినువారేయని వ్రాసెను. ఆ లెక్క ఏ జనగణనమునుండియు వచ్చినది కాదు గనుక దానిని అక్షరాల గ్రహింపరాదు. ఆయనకు విన్నపములర్పించిన వారిలో ఆనందరామ్ ఢేకియాల్ ఫుకన్, మణిరామ్ దివాన్ కలరు. నల్లమందు తమ జనులను క్రుంగదీయుచున్నదని ఇరువురును మొఱపెట్టుకొనిరి. ప్రభుత్వము ఆ మొఱను ఆలకించిన తీరు చూడదగినది. 1860లో గసాల సాగు నిషేధింపబడెను. అమ్మకము మాత్రము నిషేధింపబడలేదు. పెరటిలో పండెడి పదార్థమును రైతు నాటినుండి సర్కారు సరకుగా రొక్కమిచ్చి కొనవలసివచ్చెను. రొక్కము కావలెనన్న కూలికి పోవలెను. తేయాకు తోటల దొరలకు కూలీల కొఱత యుండెను. ఈ రెండింటి పొందిక యాదృచ్ఛికమని నేను నమ్మజాలను. మణిరాముడు దీనిని చూడలేదు. 1857 నాటి తిరుగుబాటున కుట్ర చేసెనని ఆయనను 1858 ఫిబ్రవరిలో జోర్హాటున ఉరితీసిరి.

1861 అక్టోబరున నౌగాంగు జిల్లాలోని ఫులగురియందు రైతులు సభలు కూడిరి. గసాల సాగు పోయినదను దుఃఖము ఒకటి. తమలపాకుపై, పోకలపై పన్ను పడునను వదంతి రెండవది. వారిని చెదరగొట్ట వచ్చిన లెఫ్టినెంట్ సింగర్ హతుడయ్యెను. పిదప రైతులపై కాల్పులు జరిగెను. దీనిని పన్నులపై తిరుగుబాటుగా చెప్పుట సులభము. మత్తుపదార్థపు సాగుకై కూడ తిరుగబడిరనుటకు మనకు కొంచెము సంకోచము కలుగును. కాని ఆ రైతు దృష్టిలో పోయినది వ్యసనము కాదు, ఇంటి మందు. అదే సంవత్సరమున హేమచంద్ర బరువా ‘కానీయార్ కీర్తన్’ అను నాటకమును ప్రకటించి, నల్లమందు తినువాని పతనమును హాస్యముతో చిత్రించెను. ‘కన్యాశుల్కము’ రెండవ కూర్పులోని సారా దుకాణపు రంగమును ఎఱిగిన మనకు ఈ మార్గము క్రొత్తది కాదు. ఒకే యేట రైతు తిరుగబడెను, సంస్కర్త పరిహసించెను. ఒకరి మాట ఒకరికి వినబడినట్లు లేదు.

ఖజానా ధర 1860లో సేరు 14 రూపాయలు. 1890 నాటికి 37 రూపాయలు. ధర పెంచినచో వాడుక తగ్గునని అధికారుల వాదము. అమ్మకము కొంత తగ్గినది, నిజమే. సర్కారు రాబడి మాత్రము తగ్గలేదు. అలవడిన దేహము ధర చూచి ఆగదు గనుక ఆ వ్యత్యాసమును భరించినది కుటుంబమే. ఇంటి ధాన్యము, ఎద్దు, స్త్రీల ఒంటిమీది వస్తువులు ముందుగా పోవలసినవి ఇవియే. పైగా కాలా అజార్ వ్యాధి నౌగాంగు పల్లెలను తుడిచిపెట్టుచుండెను. అట్టి దేశమున పొలము బీడుపడుటకు కారణము నల్లమందేయనుట, కార్యకారణములను తారుమారు చేయుట.

ఇంగ్లండున అలజడి చెలరేగగా 1893లో లార్డు బ్రాస్సీ అధ్యక్షతన రాజకీయ విచారణ సంఘము ఏర్పడెను. దర్భంగా మహారాజు లక్ష్మీశ్వరసింగు, హరిదాస్ విహారీదాస్ దేశాయి అందలి భారతీయ సభ్యులు. ఏడు వందలకు పైబడిన సాక్షులను విచారించి, ఇచటివారు మితముగనే వాడుదురనియు, నిషేధము అనవసరమనియు 1895లో నివేదించిరి. హెన్రీ విల్సన్ ఒక్కడే భిన్నాభిప్రాయము వ్రాసెను. జ్వరమునకు మందు అను వాదము సంఘమునకు ఎంతో అక్కఱకు వచ్చెను. మన గోదావరి మన్యపు ప్రాంతమునను జ్వరము రాకుండ దీనిని పుచ్చుకొను అలవాటుండెడిది. మద్రాసు రాజధానిలో వాడుక హెచ్చుగా గల జిల్లా అదియే. వాదము అబద్ధము కాదు, సగము సత్యము. మందని సమర్థించినవారు దానిని వైద్యుని చేతిలో నుంచక, వేలము పాడిన దుకాణదారు చేతిలో ఎందుకుంచిరో చెప్పలేదు.

1921లో సహాయనిరాకరణమువేళ గాంధీగారు అస్సాము పర్యటించిరి. స్వచ్ఛంద సేవకులు ఊరూర తిరిగిరి. అమ్మకము బాగుగా పడిపోయెను. పొరుగువారి మాట, ఊరి కట్టుబాటు, ధరకంటె బలముగా పనిచేసినవి. కులధర్ చలిహా అధ్యక్షతన సి. ఎఫ్. ఆండ్రూస్ తోడ్పాటుతో కాంగ్రెసు జరిపిన విచారణ నివేదిక 1925లో వెలువడెను. 1939 ఏప్రిల్‌లో బర్దలై మంత్రివర్గము మొదట డిబ్రూగఢ్, శివసాగర్ ఉపవిభాగములలో నిషేధమును అమలుపఱచెను. అఖిల భారతమున వైద్యేతరమైన నల్లమందు భక్షణమునకు స్వతంత్ర ప్రభుత్వము విధించుకొన్న గడువు 1959 మార్చి 31.

ఘాజీపూరు కర్మాగారము నేటికిని పనిచేయుచున్నది. అచటి సరకు ఔషధములకై పోవును. అస్సామునకు బర్మా సరిహద్దు మీదుగా దొంగచాటున వచ్చుచున్నది హెరాయిను. మార్ఫీనునుండియే తయారైన ఈ పదార్థమును 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీ విపణికి తెచ్చినపుడు అది దగ్గుమందు.