మీటల అమరికలో తెలుగు లిపి: యంత్రరూపం, అక్షరస్థానం

చిలమత్తూరు ఆంధ్ర–కర్ణాటక సరిహద్దున ఉన్న మండల కేంద్రం. 2022 వరకు అనంతపురం జిల్లాలోను, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోను భాగం. సరిహద్దు దాటితే బాగేపల్లి తాలూకా. అక్కడ పాలనాభాష కన్నడమైనా జనవ్యవహారంలో తెలుగు విస్తారంగా వినిపిస్తుంది. సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయంలో కన్నడ శాసనాలున్నాయి. ఒకే మాతృలిపి నుంచి చీలిన రెండు లిపులు నిత్యం ఎదురుపడే ఈ సీమ, కంప్యూటరు కీబోర్డు చరిత్రను పరిశీలించడానికి అనువైన స్థానం. భారతప్రభుత్వ ప్రామాణిక అమరికలో తెలుగు ‘క’కూ కన్నడ ‘క’కూ మీట ఒకటే. ఈ ఏకత్వం ఎలా సిద్ధించింది? దానికి తెలుగు చెల్లించిన మూల్యమేమిటి? అచ్చు చరిత్రకు లభించినంత శ్రద్ధ ఈ ప్రశ్నలకు లభించలేదు.

టైపురైటరు కాలంలో మీట అంటే ఆకృతి. యంత్రంలో ఉన్నవి నలభైకి కాస్త పైబడిన మీటలు. షిఫ్టుతో కలిపి సుమారు తొంభై గుర్తులకు మించి చోటు లేదు. తెలుగులో గుణింతరూపాలే నాలుగు వందలు దాటుతాయి, వత్తులు అదనం. కనుక అక్షరాన్ని తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కలుగా విడదీసి, క్యారేజీని కదిలించని మీటల సాయంతో ఒకదానిపై ఒకటి కొట్టవలసి వచ్చింది. 1966 అధికార భాషా చట్టం, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘం తెలుగు టైపును పాలనావసరంగా మార్చాయి. కాని యంత్రం లిపికి ఒదగలేదు. లిపే యంత్రానికి ఒదిగింది. టైపిస్టు నేర్చినది వర్ణక్రమం కాదు, ముక్కల కూర్పు.

ఈ స్థితిని తలకిందులు చేసినది ఇన్‌స్క్రిప్ట్. ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఈ అమరిక 1988లో సవరణ పొంది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐ.ఎస్. 13194లో చేరింది. ఇందులో మీట అంటే ధ్వని. అచ్చులు ఎడమచేతికి, హల్లులలో అత్యధికం కుడిచేతికి వచ్చాయి. అల్పప్రాణం మీదనే షిఫ్టుతో మహాప్రాణం పలుకుతుంది. ‘అ’కారానికీ పొల్లుకూ ఒకే మీటను కేటాయించడం ఇందులోని సూక్ష్మమైన ఆలోచన: హల్లులో అంతర్గతంగా ఉన్న అకారాన్ని తొలగించేదే పొల్లు గనుక, ఆ రెంటికీ ఒకే ఇల్లు. వ్యాకరణం చదివినవారికి ఈ పొందిక వెంటనే రుచిస్తుంది.

అయితే ఈ అమరిక దేవనాగరిని ఆదర్శంగా తీసుకొని రూపొందింది. హిందీ వర్ణమాలలో హ్రస్వ ఎ, ఒలు లేవు. ఫలితంగా దీర్ఘాలైన ఏ, ఓలు వేళ్లు సహజంగా నిలిచే నడిమి వరుసలో స్థిరపడగా, వాటి హ్రస్వాలు అంచులకు జరిగాయి: ‘ఎ’ అడుగు వరుస ఎడమ కొసకు, ‘ఒ’ పై వరుసలో ఒకటి అంకెకు ఎడమనున్న మూలకు. చెప్పు, కొను, వెళ్లు, పొలం వంటి నిత్యవ్యవహార పదాలన్నింటిలోనూ చిటికెనవేలికి ఈ శ్రమ తప్పదు. ‘తెలుగు’ అన్న మాట రెండో మీటకే అంచుకు పోవాలి. దీనిని చిన్న లోపంగా కొట్టివేయలేము. ద్రావిడభాషల ప్రత్యేకత ఉమ్మడి ప్రమాణంలో అనుబంధంగా మిగిలిపోయిన సందర్భమిది.

ఈ అసౌకర్యం వల్లనే తెలుగువారు రోమన్ లిపి వైపు మళ్లారని చెప్పలేము. ఇంగ్లీషు కీబోర్డు చేతికి అలవాటై ఉండడం బలమైన కారణం. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతి, తరువాతి కాలపు లేఖిని ఆ అలవాటును ఆధారం చేసుకొని అంతర్జాలంలో తెలుగు రాతకు దారి వేశాయి. వాటి సేవ కాదనలేనిది. అయినా లెక్క చూడాలి. ‘కమల’కు ఇన్‌స్క్రిప్ట్‌లో మూడు మీటలు, రోమన్‌లో ఆరు. ‘తెలుగు’కు రెంటిలోనూ ఆరే. అకారాంత హల్లులు ఎక్కువయ్యేకొద్దీ రోమన్ భారం పెరుగుతుంది.

ఇంతవరకు చెప్పినది అక్షరస్థానం గురించి. ఫలకరూపం వేరే విషయం. ఈ రెంటినీ కలిపి చర్చించడం వల్ల గందరగోళం ఏర్పడింది. 1874లో విపణికి వచ్చిన షోల్స్–గ్లిడెన్ యంత్రంలో మీటల వరుసలు పక్కకు జరిగి ఉండడానికి కారణం అడుగున ఉన్న లోహదండాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూడడమే. దండాలు పోయినా ఆ వంకర నేటికీ పోలేదు. 1970వ దశకంలో బ్రిటనులో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్డే రూపొందించిన మాల్ట్రాన్ ఈ సంప్రదాయాన్ని ఎదిరించింది: ఫలకాన్ని రెండు గిన్నెలుగా తొలిచి, బొటనవేళ్లకు ప్రత్యేక మీటలిచ్చింది. మనదేశంలో ముంబయి ఐ.ఐ.టి. పరిశోధకులు 2004లో ప్రకటించిన కీలేఖ్, మీటలను దేవనాగరి వర్ణమాల క్రమంలోనే పేర్చింది. బెంగళూరులోని హెచ్.పి. ప్రయోగశాల భారతీయ లిపుల కోసం ఒక పలకను తయారుచేసింది. దానిపై ముద్రించిన హల్లు మీద కలంతో గుణింతపు గుర్తు గీస్తే చాలు. పలక మీద దిద్దిన చేతికి ఇంతకంటె సహజమైనది ఊహించడం కష్టం. అయినా ఇవేవీ సామాన్యుని బల్ల మీదికి చేరలేదు.

నేడు సొంత ఆకారంలో నమూనా చేసుకోవడం సులభసాధ్యం. అట్టముక్కపై చేతులుంచి వేళ్ల చేరువను గీసుకోవడం తొలి మెట్టు. అయిదు అడ్డు వరుసలు, పన్నెండు నిలువు వరుసలుగా తీగలు కలిపితే అరవై మీటలకు పదిహేడు తీగలు సరిపోతాయి. ఒకేసారి పలు మీటలు నొక్కినప్పుడు లేని మీట పలకకుండా ప్రతి మీటకూ ఒక డయోడు అవసరం. లోపలి చిన్న నియంత్రికలోని ప్రోగ్రాము కంప్యూటరుకు పంపేది అక్షరాన్ని కాదు, స్థానసంకేతాన్ని మాత్రమే. ఆ స్థానానికి ‘క’ పలకాలా, వేరొకటి పలకాలా అనేది కంప్యూటరు నిర్ణయిస్తుంది.

తెలుగు దృష్టిలో కీలకమైన అంశం ఇదే. అంచులలోని ఎ, ఒల స్థానసంకేతాలను ఎడమ బొటనవేలి కిందికి తెచ్చిన ఫలకం తయారైతే, 1991 ప్రమాణంలో ఒక్క అక్షరాన్నీ కదల్చనక్కరలేదు, కంప్యూటరులో ఏ మార్పూ అవసరం లేదు. కన్నడంలోనూ హ్రస్వ ఎ, ఒలు అవే అంచు మీటలపై ఉన్నాయి గనుక, చిలమత్తూరులో తెలుగు కోసం చేసిన ఫలకం బాగేపల్లిలో కన్నడానికి యథాతథంగా పనిచేస్తుంది.