నోటి జబ్బులు, బొమ్మల పుస్తకము

మన సంచికలలో బంగారు గనుల చరిత్ర వ్రాసేవారు ఎందరో ఉన్నారు. ఈ ఉగాదికి మేము ఒక బొమ్మల పుస్తకం చరిత్రను వ్రాయదలచినాము. దీనికి కారణం చాంపియన్ రీఫ్స్ లైన్లలో మా ఇంటి ప్రక్కన ఉండిన ఒక అవ్వ.

ఆమె చిత్తూరు వైపు నుండి గనులకు వచ్చిన కుటుంబంలోనిది. వక్కాకు, సున్నం, పొగాకు కలిపి దవడలో అదిమి పెట్టుకొని నిద్రపోవడం ఆమె అలవాటు. ఉగాది పచ్చడిని కళ్ళకద్దుకొని ప్రక్కన పెట్టేసేది. కారం తగిలితే నోరు మండేదట. "వేడి చేసిందిలే నాయనా" అనేది. మేమూ అదే నమ్మినాము. నోటిలో రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగిసిన తరువాతనే వైద్యుల వద్దకు తీసుకొని పోయినాము. ఆయన దీపం వేసి చూచి, ఒక లావుపాటి పుస్తకం తెరచి, రంగుల బొమ్మ ఒకటి మా ముందుంచినారు. చలువరాయివలె పాలిపోయిన దవడ, లోపల త్రాళ్ళవలె బిగిసిన నరాలవంటి గీతలు. అవ్వ నోటికీ ఆ బొమ్మకూ తేడా లేదు.

నోటి జబ్బును మాటలతో వర్ణించడం కష్టం. తెల్లమచ్చ అంటారు, ఎన్ని తెలుపులు లేవు? గుడ్డతో తుడిస్తే పోయే తెలుపు ఒకటి, అది బూజు జాతి. తుడిచినా పోని తెలుపు వేరొకటి. సన్నని అల్లికవలె కనిపించేది ఇంకొకటి. తెలుపు కంటె ఎర్రని మచ్చ ఎక్కువ ప్రమాదకరమని బొమ్మ చూడనివారికి తోచదు. దవడ ఎముకలో పెరిగే గడ్డల సంగతి ఎక్స్‌రే నీడలలోనే తెలుస్తుంది. కొన్ని తేనెపట్టువలె గదులు గదులుగా ఉంటాయి.

ఈ విద్యకు మన తెలుగు నేల ఇచ్చినది తక్కువ కాదు. చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి త్రాగే అడ్డపొగ ఉత్తరాంధ్ర ఆడవారిలో ఎక్కువ. ఆ అలవాటును, అంగిలి పుండును కలిపి 1937లోనే విశాఖపట్నంలో కిణి, రావు అనే వైద్యులు వ్రాసినారు. తరువాత బొంబాయి టాటా పరిశోధనాలయపు ఫాలీ మెహతా, డెన్మార్కు దేశస్థుడు యెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి పల్లెలలో ఇల్లిల్లూ తిరిగించి నోళ్ళు పరీక్ష చేయించినారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని చూచిన వివరాలు 1971లో వెలువడినవి. అందులో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ త్రాగేవారే! అంగిలి తెల్లబడి, చిన్న చిన్న బొడిపెలు, వాటి నడుమ ఎర్రని చుక్కలు. ఇంగ్లండులో చదివిన వైద్యుడు ఇది ఎక్కడ చూస్తాడు?

ఈ పిండ్‌బోర్గే 1968లో నోటి పొరల జబ్బులకు ఒక బొమ్మల పుస్తకాన్ని, 1974లో మరొకరితో కలిసి దవడ ఎముకల జబ్బులకు ఇంకొకదానిని ప్రకటించినాడు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన మార్గదర్శినిలోనూ ఆయన చేయి ఉన్నది. అయితే బొమ్మ అనుమానం పుట్టిస్తుందే కాని తీర్పు చెప్పదు. ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసినదే. వైద్యుడి వ్రేలు తగిలితే తెలిసే గట్టిదనం కూడా ఏ కాగితం మీదా అచ్చు కాదు.

మాకు కష్టంగా తోచేది వేరొక సంగతి. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో, ఆసుపత్రి అలమరలలో ఉండిపోయినవి. ఎవరి నోరు చూచి విద్య పెరిగినదో వారి వాకిటికి బొమ్మ చేరడం ఆలస్యమైనది. ఎర్నాకులం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారికి బోధ చేసిన ఫలితం 1986లో వెలువడినది; మానినవారిలో క్రొత్త మచ్చలు తగ్గినవి. 2015లో బెంగళూరు వైద్యులు ఆరోగ్య కార్యకర్తల చేతికి ఫోను ఇచ్చి, పల్లెలో తీసిన నోటి ఫోటో నగరంలోని నిపుణునికి అందే ఏర్పాటును గురించి ప్రకటించినారు. ఇప్పుడు బొమ్మ ఎదురు దిక్కున ప్రయాణం చేస్తున్నది.

మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. దవడలో పొగాకు పెట్టుకొని నిద్రపోయే అలవాటు మాత్రం మూతపడలేదు. కోలారు ప్రక్కన టమకలోని ఆసుపత్రికి దవడ పుండుతో వచ్చే ఆడవారిని చూచినవారికి ఈ సంగతి తెలుసు.

అవ్వ ఆనాడు పుస్తకాన్ని దగ్గరకు తీసుకొని ఆ బొమ్మను చాలాసేపు చూచినది. కళ్ళు లేవు, ముఖం లేదు, తెరచిన నోరు మాత్రమే. "ఈమె మన పక్క మనిషే, వక్కాకు గార చూడు" అన్నది.