కంప్యూటర్ ద్వారా ఫ్యాక్స్: ఈ-మెయిల్, చిరునామా పుస్తకంతో అనుసంధానం

హైదరాబాద్ మాదాపూర్‌లోని హైటెక్ సిటీలో తొలి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ రోజుల్లో కార్యాలయాల మధ్య పత్రాలు తక్షణమే చేరడానికి ఫ్యాక్స్ ప్రధాన సాధనంగా ఉండేది. అనంతరం ఆ స్థానాన్ని చాలావరకు ఈ-మెయిల్ ఆక్రమించింది. అయినప్పటికీ సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో ఫ్యాక్స్ పూర్తిగా కనుమరుగు కాలేదు. అమెరికాలోని ఆసుపత్రులు, బీమా సంస్థలు రోగుల పత్రాలను నేటికీ ఫ్యాక్స్ ద్వారా పంపుకొంటున్నందున, వాటికి బిల్లింగ్ సేవలందించే సంస్థలకు దీని అవసరం కొనసాగుతున్నది. ఒక్క అంకె తప్పినా రోగి రహస్య వివరాలు అపరిచితుల చేతికి చేరే ప్రమాదమున్నందున, ఏర్పాటులో జాగ్రత్త అవసరం.

పనిచేసే విధానం

ఫ్యాక్స్ అంటే పత్రం యొక్క చిత్రాన్ని టెలిఫోన్ లైనుపై పంపడం. నేటికీ వాడుకలోనున్న గ్రూప్-3 ప్రమాణం 1980లో రూపొందినది. ఇందులో అంగుళానికి అడ్డంగా సుమారు 204 చుక్కలు, నిలువుగా సాధారణ స్థాయిలో 98, ఫైన్ స్థాయిలో 196 చుక్కలు ఉంటాయి. ఒత్తులు, గుణింతపు గుర్తులు చెరగకుండా ఉండేందుకు తెలుగు పత్రాలను ఫైన్ స్థాయిలో పంపడం శ్రేయస్కరం.

సాఫ్ట్‌వేర్ ఏర్పాటు

ఇందుకు టెలిఫోన్ లైను, ఫ్యాక్స్ మోడెమ్ అవసరం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మోడెమ్ ఉండదు గనుక యూఎస్‌బీ మోడెమ్‌ను విడిగా అమర్చుకోవాలి. విండోస్ ఎక్స్‌పీలో ఫ్యాక్స్ సదుపాయం అదనపు భాగంగా లభించేది. విస్టా నుండి ఇది 'విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్' పేరుతో వచ్చింది. ఇందులో ముందుగా ఫ్యాక్స్ ఖాతాను సృష్టించి, పంపువారి పేరు, సంస్థ, గుర్తింపు సంఖ్య నమోదు చేయాలి. ఆ తరువాత ఏ పత్రాన్నైనా ప్రింట్ ఆదేశంలో 'ఫ్యాక్స్' ప్రింటర్‌ను ఎంచుకొని పంపవచ్చు.

ఫైబర్ కనెక్షన్ల ద్వారా వచ్చే ఇంటర్నెట్ ఫోన్ లైన్లపై ఫ్యాక్స్ తరచు మధ్యలో తెగిపోతుంది. మాటల కోసం ధ్వనిని కుదించే పద్ధతి ఫ్యాక్స్ సంకేతాలను దెబ్బతీయడమే ఇందుకు కారణం. ఇటువంటి చోట 1998లో ఆమోదం పొందిన టి.38 ప్రమాణాన్ని సర్వీసు సంస్థ అందిస్తున్నదీ లేనిదీ ముందుగా విచారించుకోవాలి.

చిరునామా పుస్తకం

ప్రతి వ్యక్తి వివరాలలో ఫోన్ నంబరుకు, ఫ్యాక్స్ నంబరుకు వేర్వేరు గడులు ఉంటాయి. ఫ్యాక్స్ నంబరును ఫోన్ గడిలో వ్రాస్తే సాఫ్ట్‌వేర్ దానిని గుర్తించదు. నంబరును దేశపు కోడ్‌తో సహా వ్రాయాలి. హైదరాబాద్ నంబరుకు ముందు +91 (40) అని ఉండాలి. ఎస్‌టీడీ కోడ్‌లోని మొదటి సున్నాను చేర్చరాదు. బయటి లైనుకు 0 లేదా 9 నొక్కవలసిన కార్యాలయాల్లో ఆ అంకెను చిరునామా పుస్తకంలో కాక, డయలింగ్ నియమాలలో నమోదు చేయాలి. అప్పుడే అవే చిరునామాలు మరో కార్యాలయంలోనూ పనికివస్తాయి.

ఈ-మెయిల్‌తో అనుసంధానం

ఎక్కువమంది సిబ్బంది ఉన్న సంస్థలు ఫ్యాక్స్ సర్వర్ ఏర్పాటు చేసుకోవచ్చు. అందులో మెయిల్ సర్వర్ వివరాలను నమోదు చేస్తే, వచ్చిన ఫ్యాక్స్ టిఫ్ చిత్రంగా ఈ-మెయిల్ పెట్టెకు చేరుతుంది. పంపిన ఫ్యాక్స్ చేరిందా, విఫలమైందా అన్న రసీదు కూడా మెయిల్‌లోనే అందుతుంది. రహస్య పత్రాలు అందరూ చూసే ఉమ్మడి పెట్టెకు చేరకుండా చూసుకోవాలి.

రసీదు, చట్టం

'విజయవంతం' అన్న రసీదుకు అర్థం అవతలి యంత్రం పుటలను స్వీకరించిందని మాత్రమే. సరైన వ్యక్తికి అందినదని కాదు. 2000 అక్టోబరు 17 నుండి అమలులోనున్న సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులకు గుర్తింపునిస్తున్నది. అంగీకార రసీదు అందితేనే రికార్డు తనకు వర్తిస్తుందని పంపినవారు షరతు విధించి, ఆ రసీదు అందకపోతే, దానిని పంపనట్లే భావించాలని 12వ సెక్షన్ పేర్కొంటున్నది.

కావున టెండర్లు, వైద్య పత్రాల వంటివి పంపే ముందు మరొక ఉద్యోగిచే నంబరును సరిచూపించాలి. కొత్త నంబరుకు మొదట ఖాళీ కవరు పుటను పంపి, ఫోన్‌లో ధృవీకరించుకొన్న తరువాతనే అసలు పత్రాన్ని పంపాలి. రసీదును పత్రంతోపాటు భద్రపరచాలి.