బోర్లా పడితే బొబ్బట్లు

పోయినేడాది మా అమ్మాయికి ఏడో నెల నడుస్తుండగా తల్లీకూతుళ్ళం పసిపిల్లల మంచం కొనడానికి బయల్దేరాం. బిడ్డ పుట్టకముందే మంచమేమిటని నాకు లోపల పీకుతూనే ఉంది. మా వైపు బారసాల దాకా ఉయ్యాల మాటే ఎత్తరు. ఇక్కడ సింగపూర్లో పుట్టి పెరిగిన పిల్లకి అవన్నీ చెప్పి లాభం లేదని ఊరుకున్నాను.

కొట్లో నేను చెక్క నునుపు చూస్తున్నాను, రంగు చూస్తున్నాను, ధర చూసి మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళయినా ఆ జబ్బు నన్ను వదల్లేదు. మా అమ్మాయి ఇవేవీ చూడలేదు. సంచీలోంచి కుట్టుపని టేపు తీసి ఊచకీ ఊచకీ మధ్య ఎడం కొలిచింది. పరుపుకీ మంచం పక్కకీ మధ్య వేళ్ళు దూర్చి చూసింది. మంచాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపింది. కొట్లో పిల్ల చూపించిన బుల్లి దిండూ, పక్కలకి కట్టే పూలపూల మెత్తలూ వద్దంది. నా పెళ్ళిచీరని కూడా మా అమ్మ ఇంత పరీక్షగా చూడలేదు.

ఇంటికొచ్చాక బీరువాలోంచి ఒక పాత చీర తీసి దాని ఒళ్ళో పెట్టాను. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన నూలుచీర. "నువ్వు పుట్టినప్పుడు అమ్మమ్మ నీకు దీంతోనే ఉయ్యాల కట్టింది. నీ బిడ్డ కోసమని దాచాను" అన్నాను. అమ్మాయి చీరని చెంపకి ఆనించుకుంది. కాసేపటికి నెమ్మదిగా, "రాత్రిళ్ళు ఇందులో పడుకోబెట్టనమ్మా. ఏమీ అనుకోకు" అంది.

అనుకోకుండా ఎలా ఉంటాను? రెండ్రోజులు ముభావంగానే తిరిగాను. ఆ తర్వాత నిమ్మళంగా ఆలోచిస్తే, ఆ పిల్ల చేతిలోని టేపు వెనక పెద్ద చరిత్రే ఉందని తోచింది. అందులో కొంత నేను చదివి తెలుసుకున్నది. కొంత మా ఇంట్లోనే జరిగినది, ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పనిది.

మా అమ్మాయి 1996లో కండంగ్ కెర్బావ్ ఆసుపత్రిలో పుట్టింది. అందరూ కేకే అంటారు. ఆ మలయ్ మాటకి అర్థం "గేదెల దొడ్డి" అని తెలిసినప్పుడు పురిటికి సాయం వచ్చిన మా అమ్మ పడీపడీ నవ్వింది. ఒకప్పుడు సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల పశువుల వ్యాపారం జోరుగా సాగేది. ఆ పేరే ఆసుపత్రికీ అంటుకుంది. 1924 అక్టోబరు 1న పేదలకి ఉచిత ప్రసూతి ఆసుపత్రిగా అది మొదలైనప్పుడు పెద్దవాళ్ళకి 30 పడకలు, పిల్లలకి 12. తర్వాతి రోజుల్లో సింగపూర్ రెండో అధ్యక్షుడైన డాక్టర్ బెంజమిన్ షేర్స్ పనిచేసింది ఆ ఆసుపత్రిలోనే. 1966లో ఆ ఒక్క ఆసుపత్రిలో 39,835 మంది పిల్లలు పుట్టారు. రోజుకి సగటున 109 మంది! ప్రపంచంలో మరే ప్రసూతి ఆసుపత్రిలోనూ అన్ని కాన్పులు జరగడంలేదని గిన్నిస్ పుస్తకం పదేళ్ళ పాటు రాసుకుంది.

అదే 1966లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ బోర్డు పెట్టింది. 1972 నుంచి "ఇద్దరు చాలు" అని ఊరంతా ప్రచారం చేసింది. ఎంత బాగా విన్నారంటే, 2023లో ఇక్కడి స్త్రీకి సగటు సంతానం మొదటిసారి ఒకటి కన్నా తగ్గి 0.97కి దిగింది. పిల్లలు పుట్టుకొస్తున్న రోజుల్లో పడకలు చాలలేదు. ఇవాళ కొట్ల నిండా పిల్లల మంచాలే, పడుకునే పిల్లలే తక్కువ.

మరి ఆ 39,835 మంది ఇళ్ళకెళ్ళాక దేంట్లో పడుకున్నట్టు? కర్ర మంచం కొనగలిగిన వాళ్ళు కొద్దిమందే. మిగతా ఇళ్ళలో గుడ్డ ఉయ్యాలే దిక్కు. మనకి అమ్మ చీర, మలయ్ వాళ్ళకి సరోంగ్. మనం ఉయ్యాల అంటే వాళ్ళు బువాయన్ అంటారు, తమిళులు తొట్టిల్ అంటారు. గుడ్డ ఒకటే, పాటలు వేరు.

మన తెలుగువాళ్ళు ఈ తీరానికి ఆ గుడ్డ ఉయ్యాలతోనే వచ్చారు. కంప్యూటర్ ఉద్యోగాలకి వచ్చిన మా తరం సంగతి కాదు నేను చెప్పేది. అంతకు ముందు తరాల వాళ్ళు, మలయాలో రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ కూలికి వచ్చినవాళ్ళు. 1938లో భారత ప్రభుత్వం ఆ కూలీల వలసని ఆపేదాకా వస్తూనే ఉన్నారు. పెరాక్‌లోని బాగన్ దాతో వైపు తోటల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. రబ్బరుపాలు తియ్యడానికి తెల్లవారుజామునే వెళ్ళాలి. తల్లులు పసివాళ్ళని తోటలోని ఆయా కొట్టంలో వదిలి వెళ్ళేవారు. అక్కడ వాసాలకి వరసగా గుడ్డ ఉయ్యాలలు వేలాడుతుంటే, ఒక ముసలమ్మ ఒకదాని తర్వాత ఒకటి ఊపుతూ ఉండేది. తల్లి చీర కాబట్టి అందులో తల్లి వాసన ఉండేది. అంతకన్నా ఆ తల్లులు ఇవ్వగలిగింది మాత్రం ఏముంది?

మా అమ్మ వచ్చినప్పుడు మేం తోవ పయోలో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. 1960లో హౌసింగ్ బోర్డు పెట్టాక ఊళ్ళో జనమంతా ఇలాంటి ఫ్లాట్లలోకి మారిపోయారు. అమ్మ చీర చేత్తో పట్టుకుని గదులన్నీ తిరిగింది. తలెత్తి చూస్తే నున్నటి కాంక్రీటు. దూలం లేదు, కొక్కెం లేదు. "ఇదేం ఇల్లే, ఉయ్యాల కట్టుకునే చోటు కూడా లేకుండా కట్టారు!" అని విస్తుపోయింది.

ఎదురింటి మలయ్ ముసలావిడ ఆ సంబరం చూసి, తన ఇంట్లోంచి ఒక ఇనప స్టాండూ లావుపాటి స్ప్రింగూ పట్టుకొచ్చింది. ఆవిడని మేం మక్చిక్ అని పిలిచేవాళ్ళం. మనం పిన్నిగారూ అన్నట్టే. మన ఉయ్యాల పక్కకి ఊగుతుంది, ఎవరో ఒకరు తాడు లాగుతూ ఉండాలి. ఇక్కడిది స్ప్రింగు మీద పైకీ కిందికీ ఊగుతుంది. ఒకసారి లాగి వదిలితే కాసేపు దానంతటదే ఆడుతుంది. అమ్మకి మలయ్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ కలిసి పావుగంటలో ఉయ్యాల బిగించేశారు. చీర మాత్రం మాదే.

ఇంతలో అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఒక పుస్తకం పంపింది. పిల్లల పెంపకం మీద డాక్టర్ బెంజమిన్ స్పాక్ రాసిన ప్రసిద్ధ పుస్తకం, ఆవిడ ఎవరి దగ్గరో తీసుకున్న పాత ముద్రణ. అందులో పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం అలవాటు చెయ్యమని ఉంది. వెల్లకిలా పడుకుంటే కక్కినది గొంతుకి అడ్డం పడుతుందట. నేను అమ్మకి చదివి వినిపించాను.

"బోర్లా వేస్తే ఊపిరెలా ఆడుతుందే? పిల్ల దానంతటది బోర్లా పడాలి గానీ మనం పడేస్తామా?" అంది అమ్మ.

"అమెరికా డాక్టరమ్మా!" అన్నాను నేను.

"అయితే ఆయనకి బొబ్బట్లు పెట్టిన వాళ్ళు లేరు" అంది.

అమ్మ మాట నాకు ఆ రోజు వేళాకోళంగా తోచింది. తర్వాత ఆలోచించాను. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు అని మన ఇళ్ళలో ఒక వరస ఉంది కదా. బోర్లా పడటం ఒక పండగ అయిందంటే, అందాకా పిల్లని వెల్లకిలా పడుకోబెడుతున్నారనేగా!

స్పాక్ గారొక్కరే కాదు, 1950ల నుంచి పాశ్చాత్య దేశాల్లో చాలామంది వైద్యులు మంచి ఉద్దేశంతోనే ఆ సలహా ఇచ్చారు. ఆ దశాబ్దాల్లోనే ఏ జబ్బూ లేని పసివాళ్ళు నిద్రలో చనిపోవడం అక్కడ పెద్ద సమస్య అయింది. 1985లో డి.పి. డేవిస్ అనే పిల్లల వైద్యుడు లాన్సెట్ పత్రికలో హాంకాంగ్ గురించి రాశారు. అక్కడ ఇరుకు ఇళ్ళు. అయినా అలాంటి చావులు చాలా అరుదు. అక్కడి చైనా తల్లులు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టడం కారణం కావచ్చునేమో చూడమన్నారు. 1987లో నెదర్లాండ్స్, 1991లో బ్రిటన్, న్యూజీలాండ్ వెల్లకిలా వెయ్యమని ప్రచారం మొదలుపెట్టాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో సలహా మార్చింది, 1994లో దేశమంతా ప్రచారం జరిగింది. పదేళ్ళలో అక్కడ ఆ చావులు సగానికి పడిపోయాయి. 1970 నాటికే ఉన్న ఆధారాలని పట్టించుకుని ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, మిగతా యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో కనీసం 50,000 మంది పసివాళ్ళు బతికేవారని 2005లో రూత్ గిల్బర్ట్, సహచరులు లెక్కగట్టారు. పుస్తకం పట్టుకుని అమ్మతో వాదించిన నాకు ఆ అంకె చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి. అదృష్టం బాగుండి, ఇక్కడి క్లినిక్ నర్సు కూడా అమ్మ మాటే చెప్పింది.

అమ్మ గెలిచింది కదా, మరి చీర ఉయ్యాలే మంచిదన్నమాట అనుకుంటున్నారేమో. ఆగండి.

పిల్లకి నాలుగో నెల వచ్చేసరికి మంచం కొందామన్నాం. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక కుటుంబం దగ్గర పాతది తీసుకున్నాం. చూడటానికి చక్కగా ఉంది. ఒక వైపు ఊచల చట్రం కిందికి జారుతుంది, వంగకుండా పిల్లని ఎత్తుకోవచ్చు. విప్పి తెచ్చి మళ్ళీ బిగించేటప్పుడు ఒక మర కనబడలేదు. మా ఆయన ఆ చోట తాడు కట్టారు. గట్టిగానే ఉందనుకున్నాం.

ఒక రాత్రి ఆయన షిఫ్టుకి వెళ్ళారు. నేను అలసి మొద్దునిద్రలో ఉన్నాను. అమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఏడుపు కాదు, పిల్లికూన మూలిగినట్టు ఏదో చప్పుడయిందట. లేచి చూస్తే చట్రం కింది మూల ఊడి ఎడం వచ్చింది. అప్పుడప్పుడే బోర్లా పడుతున్న పిల్ల దొర్లి ఆ సందులోకి జారింది. కాళ్ళు బయట, తల పరుపుకీ చట్రానికీ మధ్య. అమ్మ భుజంతో చట్రాన్ని నెట్టి పిల్లని లాగింది. నేను లేచేసరికి పిల్ల మొహం నీలంగా ఉంది. ఒక్క క్షణం తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు కన్నా మంచి పాట నేను ఇంతవరకు వినలేదు.

తెల్లారగానే మంచం కింద పారేశాం. "ఈ మాట ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది" అంది అమ్మ. దిష్టి కాదు, సిగ్గు. తప్పిన మర మాదే అనుకుని ఏళ్ళ తరబడి మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. జారే చట్రం ఉన్న మంచాలు అమ్మకూడదని 2011లో అమెరికా నిషేధం పెట్టినప్పుడు చదివాను: 2000 నుంచి కనీసం 32 మంది పసివాళ్ళు సరిగ్గా అలాగే పోయారట. ఊచల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు మించకూడదని 1973లో అక్కడ పెట్టిన నియమానికీ అలాంటి కథే ఉంది. ఒళ్ళంతా జారిపోయి తల ఇరుక్కున్న పిల్లలు. మా అమ్మాయి టేపులో ఒక్కొక్క గీత వెనకా ఎవరింటి బిడ్డో ఉంది.

గుడ్డ ఉయ్యాలా నిర్దోషి కాదు. అందులో వీపు వంగుతుంది, గడ్డం గుండెకి ఆనుతుంది, సన్నటి గాలిగొట్టం నలుగుతుంది. గుడ్డ మడత ముక్కు మీదికి రావచ్చు. కొక్కెం జారవచ్చు, కాస్త పెద్దయిన పిల్ల లేచి పడిపోవచ్చు. ఏటవాలు పడకలు తయారుచేసిన ఒక పెద్ద అమెరికా కంపెనీ 2019లో 47 లక్షల పడకలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2022లో అక్కడ 10 డిగ్రీలు మించి వాలు ఉన్న పడకలనీ, పక్కలకి కట్టే మెత్తలనీ చట్టం చేసి నిషేధించారు. సింగపూర్లో 2011లో పిల్లల వస్తువులతో సహా వాడుక సరుకులకి భద్రతా నియమాలు వచ్చాయి. కానీ ఇంటి నుంచి ఇంటికి చేతులు మారే పాత మంచాన్ని ఎవరొచ్చి చూస్తారు? మనమే చూసుకోవాలి.

కొట్లో కొన్నా, ఊళ్ళో వడ్రంగి చేత చేయించినా చూసుకోవలసినవి కొన్నే. ఊచల మధ్య 6 సెంటీమీటర్లకి మించకూడదు. పరుపు గట్టిగా, బల్లపరుపుగా, మంచానికి సరిపడా ఉండాలి. పక్కన రెండు వేళ్ళు దూరితే వద్దు. పిల్ల నిలబడే వేళకి పరుపు దించుకునే వీలుండాలి, అప్పుడు పరుపు మీంచి కమ్మీ దాదాపు అర మీటరైనా ఎత్తుండాలి. దిండూ, బొంతా, బొమ్మలూ లోపల వద్దు. ఏటికొప్పాక బొమ్మలు కట్టాలనుంటే పిల్ల చేతికందని ఎత్తున కట్టండి. మరలన్నీ నెలకోసారి బిగించండి. మొదటి ఆరు నెలలైనా మంచం తల్లి గదిలోనే, తల్లి పక్కనే ఉండాలి. ఈ చివరిది డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు గానీ, చాప మీద పడుకున్న మా అమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇదంతా ఒక సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను, ఆ రాత్రి సంగతితో సహా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అమ్మమ్మ ఉన్నప్పుడే చెప్పి ఉండాల్సిందమ్మా" అంది.

బారసాల నాడు మనవరాలిని అమ్మ చీర ఉయ్యాలలోనే వేశాం. చీర ఒక కొస నేనూ, ఇంకో కొస మా వియ్యపురాలూ పట్టుకున్నాం. పేరు పెట్టి, పాట పాడి, పావుగంటలో తీసి మంచంలో వెల్లకిలా పడుకోబెట్టాం. ఆ పక్కన చాప వేసుకున్నది నేనే.

పిల్లకి ఇప్పుడు మూడో నెల. ఇంకా బోర్లా పడలేదు. టెక్కా బజారుకి వెళ్ళి శనగపప్పూ బెల్లం తెచ్చి ఉంచాను.